అయాన్ మొబిలిటీలో కచ్చితమైన కొలత: హైదరాబాద్ ల్యాబులకు ఏ పద్ధతి నప్పుతుంది?

అయాన్ మొబిలిటీ స్పెక్ట్రోమీటర్‌లో (అయాన్లు వాయువులో ఎంత వేగంగా కదులుతాయో చూసి పదార్థాలను గుర్తించే యంత్రం) పీకు ఉండాల్సిన చోట ఉండటం లేదని తెలియగానే చాలామంది ఆలోచన నేరుగా కొనుగోళ్ల మీదికి పోతుంది. పొడవాటి డ్రిఫ్ట్ ట్యూబ్ (అయాన్లు ప్రయాణించే గొట్టం) వేయించాలా? ఇంటర్నల్ స్టాండర్డ్ (విలువ ముందే తెలిసిన పదార్థం) కలిపితే సరిపోతుందా? బడ్జెట్ అడిగి టిమ్స్ (అయాన్లను పట్టి ఉంచి వరసగా వదిలే రకం) లాంటి యంత్రమే తెప్పించాలా? తార్నాక, గచ్చిబౌలి వైపు పరిశోధన చేసేవాళ్లకూ, జీడిమెట్ల, పాశమైలారం ఫార్మా కంపెనీల నాణ్యత తనిఖీలో (క్యూసీ) ఉన్నవాళ్లకూ ఈ సందేహం ఒకటే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఊరి గాలి పీడనాన్ని సరిగ్గా కొలవకుండా, డ్రిఫ్ట్ టైమ్‌లో (అయాను ట్యూబ్ దాటడానికి పట్టే సమయం) కలిసిపోయిన అదనపు సమయాన్ని తీసేయకుండా ఏది కొన్నా ఆ ఖర్చుకు తగిన ఫలితం రాదు. ఈ రెండూ అయ్యాకే మిగతావాటిని పోల్చడంలో అర్థం ఉంటుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటి ప్రశ్న: మీకు కావలసింది నిజమైన విలువా, రోజూ ఒకేలా వచ్చే విలువా, లేక పక్కపక్కనే ఉన్న రెండు పీకులు విడిపోవడమా?

మీ అంకెను వేరే ల్యాబు డేటాబేస్‌తో పోల్చాలన్నా, పేపర్‌లో వేయాలన్నా నిజమైన విలువ కావాలి. ఒకే పదార్థాన్ని నెలల తరబడి అదే పరికరం మీద వెతికేవాళ్లకు విలువ కదలకుండా ఉంటే చాలు. అది నిజానికి ఒక శాతం అటూ ఇటూగా ఉన్నా నష్టం లేదు. మూడోది, అంటే పీకులను విడదీయగల శక్తి, రిజాల్వింగ్ పవర్. దాన్ని కచ్చితత్వంతో కలిపేయడం దగ్గరే చాలా డబ్బు తప్పుదారి పడుతోంది. రిజాల్వింగ్ పవర్ 90 ఉన్న యంత్రం సన్నటి పీకును 2% తప్పు చోట చూపించగలదు. 40 ఉన్న పాత యంత్రం లావు పీకు మధ్యబిందువును 0.3% లోపు సరిగ్గా చూపించగలదు.

రెండో ప్రశ్న: ట్యూబ్ విప్పి పొడవు కొలిచే వీలుందా? రేడియోధార్మిక నికెల్-63 సోర్సు ఉన్న పరికరమైతే అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు దాటి చేయి పెట్టకూడదు. కొరోనా డిశ్చార్జి సోర్సుతో సొంతంగా కట్టుకున్న ట్యూబైతే ఆ ఇబ్బంది లేదు. మూడో ప్రశ్న రోజుకు ఎన్ని శాంపిళ్లు నడపాలన్నది. నాలుగోది ఆడిట్‌లో ఆ అంకెను ఎవరికి చూపించాలన్నది.

## తప్పు ఎక్కడ దూరుతోంది

డ్రిఫ్ట్ ట్యూబ్ లెక్క చిన్నదే. ట్యూబ్ పొడవు వర్గాన్ని వోల్టేజీతోనూ, డ్రిఫ్ట్ టైమ్‌తోనూ భాగిస్తే మొబిలిటీ వస్తుంది. దాన్ని 273.15 కెల్విన్ ఉష్ణోగ్రత, 760 టార్ పీడనం ఉన్న పరిస్థితికి మార్చి రాస్తే కె నాట్ అంటాం (ఒక వోల్టుకు, ఒక సెకనుకు ఇన్ని చదరపు సెం.మీ. అని రాస్తారు). అంటే 273.15ను కెల్విన్‌లో వాయువు ఉష్ణోగ్రతతో భాగించి గుణించాలి, పీడనాన్ని 760తో భాగించి మళ్లీ గుణించాలి. ఏ కొలతలో ఎంత తేడా వస్తే చివరి అంకె ఎంత కదులుతుందో ఒక ఉదాహరణ చూడండి.

| కొలత | తేడా | కె నాట్‌లో తప్పు |
|---|---|---|
| పొడవు | 10 సెం.మీ.లో 0.1 మి.మీ. | 0.2% |
| వోల్టేజీ | 3000 వోల్టుల్లో 3 వోల్టులు | 0.1% |
| వాయువు ఉష్ణోగ్రత | 100 డిగ్రీల దగ్గర 1 డిగ్రీ | 0.27% |
| పీడనం | 713 టార్‌లో 1 టార్ | 0.14% |
| డ్రిఫ్ట్ టైమ్ | 10 మిల్లీసెకన్లలో 0.02 | 0.2% |

వీటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే దాదాపు 0.43% వస్తుంది. ఇది అన్నీ శ్రద్ధగా కొలిచే ల్యాబు సంగతి. మామూలుగా జరిగే తప్పులు ఇంతకంటే చాలా పెద్దవి. వాటిలో మొదటిది పీడనం.

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి పీడనం 950 హెక్టోపాస్కల్స్, అంటే 713 టార్ చుట్టుపక్కల ఉంటుంది. ఎక్కడో తీరంలో రాసిన మాన్యువల్ చూసి 760 వేసేస్తే కె నాట్ 6.6% ఎక్కువ వస్తుంది. 1.54 దగ్గర రావాల్సిన టీఎన్‌టీ (పేలుడు పదార్థం) పీకు 1.64 అయి కూర్చుంటుంది. ఇంకో ఉచ్చు ఫోన్‌లోని వాతావరణం యాప్. అందులో 1010 అని కనిపిస్తే అదే మన పీడనం అనుకుంటారు. అది సముద్రమట్టానికి సర్దుబాటు చేసిన అంకె, మీ గదిలోని పీడనం కాదు. అది వేసినా 6% పైగా తప్పే.

సరైన అంకె ఒకసారి కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటే కూడా చాలదు. మన అక్షాంశాల్లో పీడనం రోజూ ఉదయం పది ప్రాంతంలో పెరిగి, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తగ్గుతుంది. ఆ తేడా మూడు నాలుగు హెక్టోపాస్కల్స్, అంటే 0.3 నుంచి 0.4%. పొద్దున కాలిబ్రేట్ చేసి సాయంత్రం శాంపిల్ నడిపితే పై పట్టికలోని అన్నిటికంటే పెద్ద తప్పు ఇక్కడే పడుతుంది. బారోమీటర్ కింది అంతస్తులో, యంత్రం అయిదో అంతస్తులో ఉన్నా దాదాపు 0.17% తేడా. అందుకే పీడన సెన్సార్ యంత్రం పక్కనే ఉండాలి. వీలైతే ట్యూబ్ ఎగ్జాస్ట్ దగ్గర టీ-జాయింట్ పెట్టి లోపలి పీడనమే చదవాలి. ప్రతి స్పెక్ట్రమ్‌తో పాటు ఆ అంకె ఫైల్లోకి వెళ్లాలి.

ఉష్ణోగ్రత సంగతి త్వరగా చెప్తాను. థర్మోకపుల్ ట్యూబ్ గోడకు తగిలి ఉంటే అది గోడ వేడి చెప్తుంది, వాయువుది కాదు. చల్లటి డ్రిఫ్ట్ గ్యాస్ నేరుగా లోపలికి వస్తుంటే రెండింటి మధ్య అయిదు డిగ్రీల తేడా ఉండటం వింతేమీ కాదు. 100 డిగ్రీల దగ్గర అది 1.3%. గ్యాస్‌ను ముందే వేడిచేసి పంపండి.

తేమ లెక్క వేరు. వానాకాలం వచ్చాక రియాక్టంట్ అయాన్ పీకు (శాంపిల్ లేకపోయినా కనిపించేది) పక్కకు జరుగుతోందంటే చాలాసార్లు తేమే కారణం. పాజిటివ్ మోడ్‌లో ఆ పీకు అంటే ప్రోటాన్ చుట్టూ చేరిన నీటి అణువుల గుంపు. గ్యాస్‌లో తేమ పెరిగితే గుంపు పెద్దదవుతుంది, అయాను నెమ్మదిస్తుంది. దీన్ని ఏ సూత్రమూ సరిచేయదు, గ్యాస్ ఎండబెట్టాల్సిందే. రంగు మారే సిలికా జెల్‌ను నమ్ముకోవద్దు, పీపీఎం స్థాయి తేమకు దాని రంగు మారదు. మాలిక్యులర్ సీవ్ ట్రాప్ తర్వాత డ్యూ పాయింట్ మీటర్ పెట్టుకోండి. మైనస్ 60 డిగ్రీల డ్యూ పాయింట్ అంటే దాదాపు 10 పీపీఎం తేమ. జూన్ రాకముందే సీవ్‌ను వేడిచేసి ఆరబెట్టుకోవడం మంచిది.

## ఒకటో దారి: అన్నీ కొలిచి లెక్కగట్టడం

పొడవు, వోల్టేజీ, ఉష్ణోగ్రత, పీడనం, సమయం విడివిడిగా కొలిచి కె నాట్ తేల్చడం. ఎవరి స్టాండర్డ్ మీదా ఆధారపడనక్కర్లేదు, అది దీని బలం. డిజిటల్ బారోమీటర్, హై వోల్టేజ్ ప్రోబ్, రెండు మూడు థర్మోకపుల్స్ ఉంటే మొదలుపెట్టొచ్చు. వాటికి ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉంటే ఆడిట్‌లో అడిగినా ఇబ్బంది ఉండదు.

దీని బలహీనత సమయం దగ్గర బయటపడుతుంది. ఆసిల్లోస్కోప్ మీద గేట్ (అయాన్లను ట్యూబ్‌లోకి వదిలే తలుపు) పల్స్ చూడండి. గేట్ 0.2 మిల్లీసెకన్లు తెరిచి ఉంటే, అయాన్ల గుంపు మధ్యభాగం ట్రిగర్ పడిన 0.1 మిల్లీసెకను తర్వాత బయల్దేరుతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం పల్స్ మొదలైన క్షణం నుంచే లెక్కిస్తుంది. డ్రిఫ్ట్ టైమ్ 10 మిల్లీసెకన్లయితే అక్కడికక్కడే 1% తప్పు. ఆంప్లిఫయర్ ఫిల్టర్ చేసే ఆలస్యం దీనికి అదనం. మొత్తం ఎంతో ఊహించి తీసేయడం కంటే కింద చెప్పే మూడో దారిలో కొలిచి తీసేయడం మేలు.

## రెండో దారి: ఇంటర్నల్ స్టాండర్డ్

కె నాట్ తెలిసిన పదార్థాన్ని శాంపిల్‌తో కలిపి నడపాలి. రెండు డ్రిఫ్ట్ టైమ్‌ల నిష్పత్తి తీసుకుంటే పొడవు, వోల్టేజీ, పీడనం అన్నీ కొట్టుకుపోతాయి. ట్యూబ్ విప్పలేని వాళ్లకు ఇంతకంటే తేలికైన దారి లేదు. పాజిటివ్ మోడ్‌లో ఎక్కువగా వాడేది 2,6-డై-టర్షరీ-బ్యుటైల్ పిరిడిన్. నత్రజని పరమాణువుకు రెండు వైపులా బ్యుటైల్ గుంపులు అడ్డం ఉండటంతో నీటి అణువులు దానికి సులువుగా అంటుకోవు, కాబట్టి తేమకు పెద్దగా చలించదు. పాత పేపర్లలో దానికి 1.42 అనే విలువ వాడారు. మీరు ఏ విలువ తీసుకున్నారో రిపోర్టులో తప్పకుండా రాయండి. ఆ విలువలో ఉన్న తప్పు మీ ఫలితంలోకీ వస్తుంది.

అదనపు సమయం మాత్రం నిష్పత్తిలో పూర్తిగా కొట్టుకుపోదు. స్టాండర్డ్ 12.00, శాంపిల్ 15.00 మిల్లీసెకన్లు అనుకుందాం. నిష్పత్తి 0.8000, కె నాట్ 1.136. రెండింట్లోనూ 0.1 అదనంగా కలిసి ఉంటే అసలు నిష్పత్తి 0.7987, కె నాట్ 1.134. తప్పు 0.17%. ఒకటో దారిలో 1% అయినది ఇక్కడ ఇంతకు తగ్గింది. స్టాండర్డ్ పీకు శాంపిల్ పీకుకు ఎంత దగ్గరగా ఉంటే ఇది అంత తగ్గుతుంది.

రెండు జాగ్రత్తలు. ఈ పిరిడిన్‌కు ప్రోటాన్ మీద మోజు చాలా ఎక్కువ. మోతాదు మించితే ప్రోటాన్లన్నీ అదే లాక్కుని మీ శాంపిల్ పీకు కనుమరుగవుతుంది. రియాక్టంట్ అయాన్ పీకు ఎలాగూ వస్తుంది కదా, దాన్నే స్టాండర్డ్ చేసుకుందాం అనే ఆలోచన మాత్రం వద్దే వద్దు. తేమతో, వేడితో కదిలిపోయేదాన్ని పట్టుకుని మిగతావాటిని సరిచేయలేం.

## మూడో దారి: వోల్టేజీ మార్చి మార్చి కొలవడం

దీన్నే స్టెప్డ్ ఫీల్డ్ అంటారు. నాకు అన్నిటికంటే నమ్మకం ఉన్న పద్ధతి ఇదే. ఒకే అయానును నాలుగైదు వోల్టేజీల దగ్గర నడిపి, సమయాన్ని ఒకటి బై వోల్టేజీకి ఎదురుగా గ్రాఫ్ వేయాలి. సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి మొబిలిటీ, నిలువు అక్షాన్ని తాకే చోటు నుంచి అదనపు సమయం వస్తాయి.

పొడవు 10 సెం.మీ., మొబిలిటీ 3.33 అనుకుని చేసిన లెక్క:

| వోల్టేజీ | అసలు డ్రిఫ్ట్ టైమ్ (మి.సె.) | తెర మీద కనిపించేది (మి.సె.) |
|---|---|---|
| 2000 | 15.00 | 15.15 |
| 2500 | 12.00 | 12.15 |
| 3000 | 10.00 | 10.15 |
| 3500 | 8.57 | 8.72 |

3000 దగ్గర ఒక్క కొలతతో సరిపెట్టుకుంటే 1.5% తప్పు. నాలుగూ వేసి గీత గీస్తే 0.15 మిల్లీసెకన్లు తనంతట తానే విడిపోతుంది. బిందువులు గీత మీద కూర్చోకుండా వంగితే అదీ పనికొచ్చే సమాచారమే. ఎలక్ట్రోడ్ల మధ్య రెసిస్టర్ ఏదో దెబ్బతిని ఫీల్డ్ ఏకరీతిగా లేకపోవచ్చు, గేట్ ప్రభావం వోల్టేజీతో మారుతుండొచ్చు, రన్ మధ్యలో పీడనం జారిపోయి ఉండొచ్చు.

మాస్ స్పెక్ట్రోమీటర్‌కు జోడించిన డ్రిఫ్ట్ ట్యూబ్‌లకైతే ఇది మరీ అవసరం. ట్యూబ్ దాటాక డిటెక్టర్ దాకా అయాను ప్రయాణించే సమయం కూడా రీడింగులో కలుస్తుంది కాబట్టి. 2017లో నాలుగు ల్యాబులు నైట్రోజన్‌లో ఈ పద్ధతితో కొలిజన్ క్రాస్ సెక్షన్ (మొబిలిటీ నుంచి లెక్కగట్టే అయాను పరిమాణం) విలువలు కొలిస్తే, ల్యాబుల మధ్య తేడా సగటున 0.29% మాత్రమే వచ్చింది. ఒకే వోల్టేజీ దగ్గర ట్యూన్ మిక్స్‌తో (విలువలు తెలిసిన పదార్థాల మిశ్రమం) కాలిబ్రేట్ చేసే పద్ధతిలో ఆ విలువల నుంచి తేడా సగటున 0.54%. రెండోది తీసిపారేసేది కాదు. క్రొమటోగ్రఫీ తర్వాత పీకు కొన్ని సెకన్లే ఉంటుంది, ఆ లోపు వోల్టేజీలు మార్చే వ్యవధి ఉండదు. అక్కడ ఒకే వోల్టేజీ పద్ధతే దిక్కు.

తక్కువ పీడనం మీద, 4 టార్ దగ్గర నడిచే ట్యూబైతే ఊరి వాతావరణం బాధ తగ్గుతుంది, కానీ గేజ్ మీద భారం పెరుగుతుంది. 0.02 టార్ తేడా వస్తే 0.5% తప్పు. పిరానీ గేజ్ రీడింగు వాయువును బట్టి మారుతుంది కాబట్టి దాన్ని ఈ పనికి వాడొద్దు. కెపాసిటెన్స్ మానోమీటర్ పెట్టి, హై వాక్యూమ్‌లో దాని జీరో అప్పుడప్పుడూ సరిచూడండి.

## నాలుగో దారి: ట్రావెలింగ్ వేవ్, టిమ్స్

ఇవి శక్తిమంతమైన యంత్రాలు, కానీ విలువను సొంతంగా చెప్పవు. ట్రావెలింగ్ వేవ్‌లో ఫీల్డ్ కదులుతూ ఉంటుంది, టిమ్స్‌లో వాయు ప్రవాహానికి ఎదురుగా అయాన్లను ఆపి వరసగా వదులుతారు. రెండింటికీ తెలిసిన విలువలతో కాలిబ్రేషన్ కావాలి. కాబట్టి మీ కచ్చితత్వం మీరు ఎంచుకున్న కాలిబ్రెంట్‌ను దాటి పోదు.

ఎంపికలో పొరపాటు ఎంత తేలికో చూడండి. ట్యూన్ మిక్స్‌లో 622 మాస్ ఉన్న అయాను క్రాస్ సెక్షన్ 203 చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు, 922 మాస్‌ది 243.6. అవి ఫ్లోరిన్ నిండిన అణువులు, బరువెక్కువ, పరిమాణం తక్కువ. మామూలు ఫాస్ఫాటిడైల్ కోలిన్ లిపిడ్ 760 మాస్‌కే 285 చుట్టుపక్కల ఉంటుంది. కాలిబ్రేషన్ గీతను మాస్ చూసి ఎంచుకుంటే లిపిడ్ ఆ పరిధి బయట పడుతుంది. లిపిడ్లకు లిపిడ్ స్టాండర్డ్లు, పెప్టైడ్లకు పాలీఅలనిన్ లాంటివి, అదీ అదే చార్జి ఉన్నవి తీసుకోండి. విలువ రాసేటప్పుడు ఏ పద్ధతి, ఏ వాయువు అన్నది పక్కనే ఉండాలి. హీలియంలో వచ్చిన విలువను నైట్రోజన్ విలువతో పోల్చకూడదు.

ఫెయిమ్స్ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. అది ఎక్కువ ఫీల్డ్‌కూ తక్కువ ఫీల్డ్‌కూ మధ్య మొబిలిటీ తేడాను పట్టి అయాన్లను వడకడుతుంది. వడపోతకు చాలా బాగుంటుంది. కె నాట్ కావాలంటే అది మీ యంత్రం కాదు.

## అయిదో దారి: ట్యూబ్, పవర్ సప్లై మార్చడం

పీకులు విడిపోవడమే మీ సమస్య అయితే ఇది చూడండి. పైన చెప్పిన ట్యూబ్‌నే తీసుకుందాం. 3000 వోల్టులు, 100 డిగ్రీల దగ్గర అయాన్ల వ్యాపనం (దారిలో గుంపు చెదిరి విస్తరించడం) ఒక్కటే అడ్డయితే రిజాల్వింగ్ పవర్ 92 దాకా రావాలి. గేట్ 0.2 మిల్లీసెకన్లు ఉంటే అది 44కు పడిపోతుంది. గేట్‌ను 0.1 చేయండి, 68 అవుతుంది, రూపాయి ఖర్చు లేదు. గేట్ 0.2 దగ్గరే ఉంచి ట్యూబ్ పొడవు, వోల్టేజీ రెండూ రెట్టింపు చేస్తే వచ్చేది 79. సగం గేట్ అంటే సిగ్నల్ కూడా సగమే, ఆ మాట నిజమే. అయినా ముందు గేట్ తగ్గించి చూసి, సిగ్నల్ చాలకపోతేనే కొత్త ట్యూబ్ కొటేషన్ అడగండి.

## ఎవరికి ఏది

సొంతంగా ట్యూబ్ కట్టుకుంటున్న పీహెచ్‌డీ విద్యార్థులకు మూడో దారే. ఒకటో దారిలోని కొలతలన్నీ ఎలాగూ చేయాలి, దాని మీద వోల్టేజీ మార్చడం మరో గంట పని. చివర్లో పిరిడిన్ స్టాండర్డ్ నడిపి మీ లెక్కను సరిచూసుకోండి. రెండూ 0.5% లోపు కలవకపోతే పేపర్ రాయడం ఆపి ఉష్ణోగ్రత దగ్గర వెతకండి.

మెటబోలైట్లు, లిపిడ్ల మీద వందల శాంపిళ్లు నడిపే ఉమ్మడి ల్యాబులకు ఒకే వోల్టేజీ పద్ధతి గానీ నాలుగో దారి గానీ. డబ్బు ఉంటే దాన్ని స్టాండర్డ్ల మీద పెట్టండి. కాలిబ్రేషన్ బ్యాచ్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి నడపండి.

భద్రతా తనిఖీ యంత్రాలు చూసుకునేవాళ్లకు ఇంటర్నల్ స్టాండర్డ్ తప్ప వేరే దారి లేదు, చాలా యంత్రాల్లో అది ముందే అమర్చి ఉంటుంది. ఇక్కడ కచ్చితత్వం మనుషుల మీద ప్రభావం చూపించే విషయం. కొలత ఊగుతుంటే అలారం విండో వెడల్పు పెంచాలి, వెడల్పు పెరిగితే ఏ సంబంధమూ లేని హ్యాండ్ క్రీమ్‌కో సెంటుకో యంత్రం మోగి ప్రయాణికుడిని పక్కన నిలబెడతారు. వేరే ఊరి నుంచి తెచ్చిన యంత్రాన్ని ఇక్కడ పెట్టగానే మళ్లీ కాలిబ్రేట్ చేయండి. చెన్నైలో పెట్టిన సెట్టింగు ఇక్కడికి పనికిరాదు.

ఫార్మాలో పరికరాల శుభ్రత తనిఖీకి వాడేవాళ్లకు నిజమైన విలువ కంటే నిలకడ ముఖ్యం. ఇంటర్నల్ స్టాండర్డ్, యంత్రం పక్కన బారోమీటర్, పొడి గ్యాస్, ఈ మూడూ చాలు. స్టాండర్డ్ పీకు స్థానం, పీడనం, డ్యూ పాయింట్ ప్రతి షిఫ్టులో ఒకే చార్టు మీద వేయండి. స్టాండర్డ్ డ్రిఫ్ట్ టైమ్ పీడనంతో పాటు పెరిగి తగ్గుతుంటే సరే, సరిదిద్దుకోవచ్చు. పీడనం మారకుండా అది జరుగుతుంటే ఆ రోజు శాంపిళ్లు ఆపి, ముందు సీవ్ ట్రాప్, తర్వాత హీటర్, ఆ తర్వాత హై వోల్టేజ్ సప్లై, ఆ వరసలో చూడండి.